మీసాలున్న పేరు

ఆ వీధిలో ఆమెను అందరూ హలోగారు అనేవారు. పెళ్ళయి వచ్చిన కొత్తలోనే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగంలో చేరింది. పొద్దస్తమానం అదే మాట అనీ అనీ, ఇంటి దగ్గర ఎవరు తలుపు తట్టినా "ఎవరండీ" అనబోయి "హలో" అనేసేది. అత్తగారు ఆ సంగతి నాలుగిళ్ళలో చెప్పి నవ్వింది. పేరు అతుక్కుపోయింది. గడియారాలు బాగుచేసే భర్త కూడా సరదా పుట్టినప్పుడల్లా "హలోగారూ, కాస్త మంచినీళ్ళు కలుపుతారా?" అనేవాడు.

అవి యుద్ధం రోజులు. మగవాళ్ళు సరిహద్దుకు వెళ్ళబట్టే ఆడవాళ్ళకు ఆ కుర్చీలు దొరికాయి. పొడుగాటి గది, గోడ పొడవునా బోర్డు, బోర్డు నిండా చిల్లులు, ఒక్కొక్క చిల్లుకీ మినపగింజంత దీపం. ఎవరైనా ఇంట్లో రిసీవర్ ఎత్తితే ఇక్కడ దీపం వెలుగుతుంది. తీగ గుచ్చి, నంబరు అడిగి, కలిపి, తప్పుకోవాలి. వెనకాల సూపర్‌వైజరమ్మ చెప్పుల చప్పుడు. ఆవిడ వెనకాల, ఎవరు ఎవరితో ఏం మాట్లాడుతున్నారో వినడానికి ప్రభుత్వం కూర్చోబెట్టిన ఖాకీ చొక్కా మనిషి. వినే హక్కు ఆయనొక్కడిదే. కానీ చెవులకు రెప్పలుండవు కదా! ఏడాది తిరిగేసరికి హలోగారికి ఊళ్ళో సగం గొంతులు కొట్టినపిండి. అబద్ధం చెప్పేవాడు ముందు గట్టిగా ఊపిరి పీలుస్తాడనీ, అప్పు అడగబోయేవాడు పిల్లల క్షేమం అడుగుతాడనీ ఆమెకు ఎవరూ నేర్పలేదు.

ఒక సాయంత్రం, విమానాల భయానికి ఊరంతా దీపాలు ఆర్పే వేళకు, టింబర్ డిపో యజమాని ఇంటి దీపం బోర్డు మీద వెలిగింది. హలోగారు తీగ గుచ్చింది.

"డాక్టర్‌ని కలపమ్మా, త్వరగా! నన్ను..." అంది ఆ ఇంటి ఇల్లాలు.

అంతే. ఏదో బరువుగా పడిన చప్పుడు. తర్వాత కాసేపు ఎవరిదో ఊపిరి, ఆడమనిషిది కాదు. ఆ తర్వాత తీగ పక్కనున్న రెండో దీపం నెమ్మదిగా వెలిగింది. రిసీవర్‌ని తిరిగి దాని చోట పెడితేనే వెలిగే దీపం అది. చేతిలోంచి జారి వేలాడుతుంటే వెలగదు.

హలోగారు సూపర్‌వైజరమ్మను పిలిచింది. "మన పని కలపడం. వినడం కాదు," అందావిడ.

తెల్లారాక తెలిసింది, డిపో యజమాని భార్య చీకట్లో మెట్ల మీంచి జారిపడి పోయిందని. హలోగారు ఉద్యోగం పోతే పోయిందనుకుని, భర్తను వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్ళింది. ఆమె చెప్పిందంతా విని అక్కడి అధికారి కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఆ పెద్దమనిషి అప్పుడు డిపోలో ఉన్నాడమ్మా. ఇంట్లో చిన్నపిల్ల తప్ప ఎవరూ లేరు. మీరేమో దీపం వెలిగిందంటారు. ఊరంతా దీపాలు ఆర్పుకుంటే మీకొక్కరికే వెలిగిందా?"

స్టేషనంతా గొల్లుమంది. భర్తకు చెవులు ఎర్రబడ్డాయి. హలోగారు మాత్రం ఆ నవ్వులో ఒక్కొక్క గొంతూ విడివిడిగా విని, గుర్తుపెట్టుకుని, లేచి వచ్చేసింది.

ఇంటి గుమ్మంలో అత్తగారు ఎదురు చూస్తోంది. "ఏమన్నారే?"

"నవ్వారత్తయ్యా."

"నవ్వితే నవ్వనీ. నవ్విన నాపచేనే పండుతుంది," అందావిడ. అని ఊరుకోకుండా, ఆ అధికారి ముందు ఏడు తరాలనూ వెనక ఏడు తరాలనూ నోరారా దీవించింది. ఆ దీవెనలు ఇక్కడ రాయడానికి వీల్లేదు.

యుద్ధం అయిపోయింది. ఖాకీ చొక్కా మనిషి వెళ్ళిపోయాడు, కిటికీలకు కట్టిన నల్ల తెరలు ఊడదీశారు, రేషన్ వరసలు పలచబడ్డాయి. డాక్టర్‌ని కలపమన్న ఆ గొంతు మాత్రం హలోగారి చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. అత్తగారికి చూపు మందగించి, ఏమీ తోచక, "ఏదైనా చెప్పవే" అని ప్రాణం తీసేది. అలా మొదలయింది. బట్టలు మడతపెడుతూ, ఇస్త్రీ చేస్తూ హలోగారు కథలు చెప్పేది. ప్రతి కథలోనూ ఒక ఆపరేటరమ్మ ఉండేది. ప్రతి కథలోనూ ఒక చావు, దాని చుట్టూ పదిమంది అబద్ధాలు, ఎవరూ పట్టించుకోని ఓ పనిమనిషో పాపో ముసలావిడో చెప్పిన ఒక్క నిజం. ఆపరేటరమ్మ ఆ నిజాన్ని వినేది. ఇంకా ముఖ్యంగా, ఆపరేటరమ్మ మాటను పోలీసులు వినేవారు. కథ కాబట్టి!

అత్తగారు గట్టి పిండం. కథ సగానికి రాకముందే, "ఆ వకీలే చంపుంటాడు, మరీ మర్యాదగా ఉన్నాడు," అనేసేది. ఎప్పుడూ తప్పేది కాదు. హలోగారికి పంతం పెరిగింది. దొంగను మర్యాద వెనక కాకుండా మంచితనం వెనక దాచడం నేర్చుకుంది, ఆ తర్వాత దుఃఖం వెనక దాచడం. మధ్యలో ఎక్స్ఛేంజికి యంత్రాలొచ్చాయి. ఇక జనమే చక్రం తిప్పి నంబర్లు కలుపుకుంటారన్నారు. బోర్డు ముందున్న ఆడవాళ్ళందరికీ ఒక్క మధ్యాహ్నంలో సెలవు చెప్పి పంపేశారు. కొందరు ఏడ్చారు. హలోగారు ఇంటికొచ్చి, ముఖం కడుక్కుని, కాగితాలు ముందేసుకుని కూర్చుంది.

మొదటి నవల పూర్తిగా చదివి వినిపించిన రోజున అత్తగారు ఆఖరి పేజీ దాకా ఒకే పేరు పట్టుకుని కూర్చుంది. ఆ పేరు తప్పయింది. ఆవిడ రెండు చేతులూ గాల్లోకి చాచి, కోడలి ముఖం వెతికి పట్టుకుని, "నన్నే బురిడీ కొట్టించావంటే లోకం నీకో లెక్కా! అచ్చుకిచ్చెయ్," అంది.

అచ్చువేసే మనిషి ప్రెస్సు పై అంతస్తులో కూర్చునేవాడు. లావుపాటి మనిషి, లావుపాటి నవ్వు. నవల చదివి కళ్ళు మెరిపించాడు గానీ, "అమ్మా, రెండే రెండు మార్పులు," అన్నాడు. "డిటెక్టివ్ మగవాడై ఉండాలి. రచయితా మగవాడై ఉండాలి. ఆడపేరు చూస్తే హత్య అంటే ఎవరు నమ్ముతారు? వంటల పుస్తకం అనుకుంటారు."

"ఆపరేటరమ్మను ముట్టుకుంటే కాగితాలు తీసుకుని వెళ్ళిపోతాను," అంది హలోగారు. "పేరంటారా, మీ ఇష్టం."

అట్ట మీద గంభీరమైన మగపేరు వేశాడు. భర్త దాన్ని చూసి, "ఈ పేరుకి మీసాలు కూడా ఉన్నట్టున్నాయే!" అన్నాడు. అప్పటి నుంచి ఇంట్లో దానికి మీసాల పేరనే పేరు.

మీసాల పేరు ఊళ్ళు దాటింది. రెండో నవల రేషన్ వరసలో నిలబడ్డ ఆడవాళ్ళ కబుర్లలోంచి దొంగను లాగింది. మూడోది యుద్ధం నుంచి తిరిగొచ్చి తన ఇంట్లోనే పరాయివాడైపోయిన సైనికుడి కథ. నాలుగోది యంత్రాలొచ్చి ఉద్యోగం పోగొట్టుకున్న ఆపరేటరమ్మ, ఒట్టి చెవులతో ఒక పెద్దింటి గుట్టు రట్టు చేసిన వైనం. బస్సుల్లో, క్షౌరశాలల్లో, ఆసుపత్రి బెంచీల మీద జనం ఆ పుస్తకాలు పట్టుకుని కనిపించేవారు. ఎదురింటి మందుల షాపాయన, "ఆయన నాకు బాగా తెలుసండీ, మాజీ పోలీసు," అని సాక్షాత్తూ హలోగారికే చెప్పాడు. ఆమె "అలాగాండీ!" అని మాత్రలు తీసుకుని వచ్చి, ఇంట్లో పొట్ట పట్టుకుని నవ్వింది.

అయిదో నవల ప్రెస్సాయన నడిపే వారపత్రికలో వారం వారం వచ్చింది. అన్నాళ్ళూ రాయకుండా దాచుకున్నది అందులో రాసింది. ఆర్పేసిన ఊరు, మెట్లు, డాక్టర్‌ని అడిగిన గొంతు, నెమ్మదిగా వెలిగిన దీపం. ఎక్స్ఛేంజిలో విన్నది బయట పెట్టనని చేరినప్పుడు చేసిన ప్రమాణాన్ని స్టేషన్లో ఒకసారి దాటి నవ్వులపాలైంది; మళ్ళీ దాటడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఆ బోర్డే పోయాక ప్రమాణం ఎవరికి? చంపిందెవరని జనం పందేలు కాస్తున్నారు.

ఆఖరి భాగం సంచిలో పెట్టుకుని ఆమె ప్రెస్సుకు వెళ్ళిన రోజున, మెట్ల మీద ఒక అమ్మాయి కూర్చుని కనిపించింది. పాతికేళ్ళుంటాయేమో. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది.

"ఏమైందమ్మా?"

"రచయితగారిని చూద్దామని వచ్చానండీ."

హలోగారు నవ్వు ఆపుకుంది. "చూశావా మరి?"

"చూశాను. పైన ఉన్నారు. పెద్ద మీసాలాయన." అమ్మాయి చెంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ కథలో మెట్ల మీద చనిపోయినావిడ... అచ్చం మా అమ్మ. మీకెలా తెలుసు, నిజంగా జరిగిందా అని అడిగాను. వేటకి వెళ్ళినప్పుడు తోచిన కట్టుకథ, పిచ్చి ఆలోచనలు మాని ఇంటికి పొమ్మన్నారు."

హలోగారికి ముందు మీసాల సంగతి అర్థమయింది. సన్మానాలకూ సభలకూ రచయిత కావాలి కాబట్టి, ప్రెస్సాయన, ఎప్పుడూ వేట కబుర్లు చెప్పే తన బావమరిది చేత మీసాలు పెంచించి కూర్చోబెట్టాడు! అది కోపం తెప్పించింది. అయితే రెండో సంగతి ముందు ఆ కోపం దూదిపింజ. అమ్మాయి పక్కన మెట్టు మీదే కూర్చుంది.

"మీది టింబర్ డిపో వాళ్ళిల్లు కదూ?"

అమ్మాయి బిత్తరపోయి చూసింది.

"మీ అమ్మ గొంతు నేను విన్నానమ్మా. డాక్టర్‌ని కలపమంది. ఆ తర్వాత ఎవరో ఫోన్ పెట్టేశారు."

అమ్మాయి ఆమె మణికట్టు పట్టుకుంది. "ఆ సాయంత్రం నాన్న ఇంట్లోనే ఉన్నాడండీ. నేను మంచం కింద దాక్కున్నాను. నాన్న చెప్పులు చూశాను. చెబితే, చిన్నపిల్లవి, కలగన్నావన్నారు. ఇన్నేళ్ళూ కలేనేమో అనుకుంటూ బతికాను. మీరెవరండీ?"

"పైన మీసాలాయన ఉన్నాడే, ఆయన పేరుతో రాసేదాన్ని," అంది హలోగారు.

ఆఖరి భాగం ప్రెస్సుకు ఇవ్వలేదు. అమ్మాయిని ఇంటికి తీసుకెళ్ళింది. నలుగురూ వంటింట్లో కూర్చుని ఆలోచించారు. ఇద్దరినీ వెంటబెట్టుకుని ఇప్పుడే పోలీసుల దగ్గరకు వెళ్తానన్నాడు భర్త. హలోగారు తల అడ్డంగా ఊపింది. "ఒకసారి వెళ్ళి చూశాంగా. ఊరూ పేరూ లేని ఆడదాని మాట వాళ్ళకి చెవికెక్కదు. ముందు నా పేరు నాకు రావాలి. అప్పుడు వింటారు."

"ఎలా వస్తుందే? ఆ లావాటివాడు పిలిచి ఇస్తాడా?" అంది అత్తగారు.

మార్గం రేడియో చూపించింది. ఆదివారం పొద్దున్న ప్రసిద్ధ డిటెక్టివ్ రచయితతో ముఖాముఖి అనీ, శ్రోతలు నేరుగా ఫోన్ చేసి ప్రశ్నలడగవచ్చనీ ప్రకటన వచ్చింది.

ఆ ఆదివారం భర్త షాపు తలుపులు సగం మూశాడు. షాపులో ఫోన్ ఉంది, రేడియో ఉంది, గోడ నిండా గడియారాలున్నాయి. ఫోన్లో టిక్కుటిక్కులు వినబడితే పెళ్ళాం మాట చెడుతుందని, స్టూలెక్కి ఒక్కొక్క లోలకాన్నీ వేలితో ఆపాడు. షాపు పెట్టాక అక్కడ గడియారాలన్నీ ఆగడం అదే మొదటిసారి. రేడియోలో బావమరిది వేట గురించి, పులి గురించి, పులి కళ్ళలో తనకు కనిపించిన నేరస్థుడి మనస్తత్వం గురించి చెబుతున్నాడు.

"పులి ఉలిక్కిపడుంటుంది పాపం," అంది అత్తగారు.

హలోగారు చక్రం తిప్పింది. నాలుగైదు సార్లు దొరకలేదు. చివరికి లైను కలిసింది. రేడియోలో మాట్లాడించే అమ్మాయి, "చెప్పండమ్మా, రచయితగారిని ఏమడుగుతారు?" అంది.

"నమస్కారమండీ. ఈయన సీరియల్ ఒక్క వారం తప్పకుండా చదువుతున్నాను," అంది హలోగారు. గొంతు అద్దంలా ఉంది. ఏళ్ళ తరబడి తుఫాను రోజుల్లో కూడా జనానికి వినబడేలా మాట్లాడిన గొంతు. "హంతకుడెవరో ఇప్పుడే చెప్పొద్దు, అందరి సరదా పోతుంది. ఒక్కటే అడుగుతాను. ఆ రిసీవర్‌ని తిరిగి ఎందుకు పెట్టేశాడండీ? అలా వదిలేసి వెళ్ళిపోతే ఎవరికీ అనుమానం వచ్చేది కాదుగా?"

బావమరిది పులిని వదిలేశాడు. "అది... అంటే... అందులో లోతైన మనస్తత్వం ఉంది. వచ్చే వారం చదవండి, తెలుస్తుంది."

"వచ్చే వారం రాదండీ."

"ఎందుకు రాదు?" అంది రేడియో అమ్మాయి ఆశ్చర్యంగా.

"ఆఖరి భాగం నా దగ్గరే ఉంది కాబట్టి. కావాలంటే జవాబు నేను చెబుతాను. వాడు శుభ్రమైన మనిషి. ఏ వస్తువునైనా దాని చోట పెట్టకపోతే నిద్రపట్టదు. ఆవిడ నేల మీద పడి ఉంటే, ముందు ఫోన్ సర్దాడు. ఆ ఒక్క అలవాటే వాణ్ణి పట్టిస్తుంది. ఈ అయిదు నవలలూ నేనే రాశాను. నేను టెలిఫోన్ ఆపరేటర్‌ని. పులిని ఎప్పుడూ చూడలేదు."

ఆ తర్వాత తన అసలు పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా. అది గాల్లోకెక్కి ఊళ్ళూ వాడలూ తిరిగింది. బావమరిది వైపు నుంచి కుర్చీ జరిగిన చప్పుడు, ఎవరో తలుపు తీసిన చప్పుడు. రేడియో అమ్మాయి గడుసుది. లైను కట్ చెయ్యలేదు. "రచయితగారూ, ఈవిడ చెప్పింది నిజమేనా?" అని అడిగింది. ఆ వెంటనే తనే, "రచయితగారు లేచి వెళ్ళిపోయారు," అని ప్రకటించింది.

అంతలో అత్తగారు రిసీవర్ లాక్కుంది. "నిజమేనమ్మా! అన్నిటికంటే ముందు విన్నది నేను. నాలుగు నవలల్లో దొంగలెవరో ఇప్పుడు వరసగా చెప్పమంటావా?"

"వద్దండీ, వద్దు!" అంది రేడియో అమ్మాయి కంగారుగా. అప్పటికే నవ్వుతోంది.

గంట తిరక్కుండా వీధి నిండిపోయింది. మందుల షాపాయన అందరికంటే ముందు వచ్చి, "నాకు మొదట్నుంచీ అనుమానమేనండీ," అన్నాడు. ఎక్స్ఛేంజిలో కలిసి పనిచేసిన ఆడవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో దిగారు. ఒకావిడ వస్తూనే హలోగారి మెడ వాటేసుకుని, "నీ గొంతు వినగానే చేతిలో గరిట అక్కడే పడేసి వచ్చానే!" అంది. సూపర్‌వైజరమ్మ కూడా వచ్చింది, కర్ర సాయంతో. హలోగారి చెయ్యి పట్టుకుంది. "నువ్వు నన్ను పిలిచిన వేళ నాకింకా గుర్తుంది. ఆ రోజు నీతో పాటు స్టేషన్‌కి నేనూ రావలసింది. ఇప్పుడైనా వస్తాను," అంది.

సాయంత్రానికి ప్రెస్సాయన వచ్చాడు. తేలు కుట్టిన దొంగలా కాసేపు గడియారాలను చూశాడు. అవి ఇంకా ఆగే ఉన్నాయి. "అమ్మా, వ్యాపారం అన్నాక..." అని మొదలుపెట్టాడు.

"అయిదు నవలల మీదా నా పేరు వెయ్యండి," అంది హలోగారు. "పాత అట్టల మీద కాగితం అంటించడం కాదు, కొత్తగా అచ్చువెయ్యండి. దానికి ఒప్పుకుంటే ఆఖరి భాగం ఇస్తాను."

"ఆడపేరు మీద అమ్మకాలు..." అన్నాడు గానీ, వాక్యం పూర్తిచెయ్యలేదు. కిటికీ బయట జనం పుస్తకాలు పైకెత్తి, సంతకం కోసం ఆమెను పిలుస్తున్నారు. ఆయన ఒప్పుకున్నాడు.

ఆఖరి భాగం హలోగారి సొంత పేరుతో వచ్చిన వారం పత్రిక మధ్యాహ్నానికే అయిపోయింది. మళ్ళీ అచ్చువేశారు. అదీ అయిపోయింది. ఆ మర్నాడు ఆమె, ఆ అమ్మాయి, సూపర్‌వైజరమ్మ పోలీసు కార్యాలయానికి వెళ్ళారు. ఈసారి కుర్చీలు వేశారు. అక్కడి పెద్ద అధికారి ఒక ఆడమనిషి. ఆమె టేబుల్ సొరుగులో రెండో నవల ఉంది. ముగ్గురూ చెప్పింది అక్షరం పొల్లుపోకుండా రాయించింది. "మీ మూడు సాక్ష్యాలూ ఒకే వేళ దగ్గర కలుస్తున్నాయి. ఇంత గట్టి కేసు అప్పుడు ఎలా వదిలేశారో!" అంది.

డిపో యజమాని ముందు బుకాయించాడు. ఆ వేళ డిపోలో ఉన్నానన్నాడు. ఆ సాయంత్రం డిపో తాళం వేసే ఉందని పాత కూలీలు చెప్పారు. కూతురు కోర్టులో నిలబడి, మంచం కిందనుంచి చూసిన చెప్పుల రంగు, అవి ఆగిన చోటు, అమ్మ అరిచిన మాట చెప్పింది. తీర్పు రోజున అతనికి శిక్ష పడింది. బయటికొచ్చాక ఆ పిల్ల ఎండలో నిలబడి ముఖం పైకెత్తింది. "కల కాదండీ. నేను కలగనలేదు," అంది. హలోగారు ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఇద్దరూ అలాగే నడుచుకుంటూ బస్సు దాకా వెళ్ళారు.

ఆ ఏడాది కొత్త ముద్రణల ఆవిష్కరణ సభకు హాలు చాలక, జనం కిటికీల్లో నిలబడ్డారు. మైకు ముందుకు రమ్మంటే హలోగారికి జీవితంలో మొదటిసారి మాట రాలేదు. అత్తగారు ముందు వరసలోంచి, "ఏదో ఒకటి అనవే!" అని కేకేసింది. హాలంతా చప్పట్లు కొట్టింది. హలోగారు ఏడుస్తూ నవ్వుతూ తన పేరున్న అట్టను రెండు చేతులతో తలపైకెత్తి చూపించింది. చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

మర్నాడు పొద్దున్నే ఆరో నవల మొదలుపెట్టింది. అది ఒక బట్టల మిల్లులో జరుగుతుంది. మొదటి అధ్యాయం వినగానే అత్తగారు హంతకుడెవరో చెప్పేసింది. హలోగారు ఆ అధ్యాయం చింపి, మళ్ళీ మొదటి నుంచి రాయడానికి కూర్చుంది.